నూకరాజు వదిలేసిన స్వరాలు

రాయపూర్‌లో బ్రేక్ వ్యాన్ అనే రాక్ బ్యాండు ఒకటి ఉండేదని రాయపూర్‌లోనే చాలామందికి తెలీదు. అది ఉన్న రోజుల్లోనూ తెలీదు. కలకత్తాలో, ఢిల్లీలో, పూనాలో సంగీతం గురించి పత్రికలకి రాసే నలుగురైదుగురికి మాత్రం బాగా తెలుసు. వాళ్ళు దాన్ని మెచ్చుకుంటూ పేజీలకి పేజీలు రాశారు. అవి చదివి ఎవరైనా ఆ రికార్డు కొనుక్కుందామని షాపుకి వెళ్తే, అలాంటి పేరే వినలేదని షాపువాడు చెప్పి పంపేసేవాడు.

ఆ బ్యాండులో మంద్ర స్వరాలు పలికే బేసు గిటారు వాయించినవాడు నూకరాజు. అతని తండ్రి జోగయ్య పలాస దగ్గరి పల్లె నుంచి ఖలాసీ పనికి వచ్చి రాయపూర్ రైల్వే కాలనీలో ఉండిపోయాడు. కొడుక్కి మాత్రం రైల్వే ఉద్యోగం దొరకలేదు. బిలాస్‌పూర్ రోడ్డు మీద వంతెనలకి గిర్డర్లు తయారుచేసే ప్రైవేటు షెడ్డొకటి ఉంటే, పద్దెనిమిదో ఏట అందులో చేరాడు. గాలితో నడిచే బరువైన సుత్తి రెండు చేతులతో పట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా రివిట్లు కొట్టడం పని. సుత్తి ఆగాక కూడా చేతులు కాసేపు వాటంతటవే అదురుతూ ఉండేవి. అందరికీ అంతేనని మొదటిరోజే మేస్త్రీ చెప్పాడు.

బ్యాండు మొదలుపెట్టింది అతను కాదు. వెంకటరత్నం. అందరూ రత్నం అనేవారు. వాళ్ళ నాన్న గుంటూరు నుంచి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసి, ఊరి చివర మోవాలో ఇల్లు కట్టుకున్నాడు. రత్నం ఒక బీమా ఆఫీసులో గుమాస్తా. గిటారు వాయిస్తాడు, పాడతాడు, పాటలు కడతాడు. అతనికి తోడు డ్రమ్ములు వాయించే పరదేశి. పరదేశికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, వీడైనా దక్కాలని ఆ పేరు పెట్టారు. వాళ్ళ నాన్న గూడ్సు బండి గార్డు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ కమిటీలో మెంబరు. ఒకప్పుడు ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్ల డాన్సులు జరిగేవి. వాళ్ళు ఒక్కొక్కరే ఊరు వదిలిపోయాక, వాళ్ళ వాయిద్యాలు వెనక గదిలో దుమ్ము కొట్టుకుని పడున్నాయి. 1973లో ఆ గది తాళంచెవి పరదేశి చేతికొచ్చింది.

గదిలో మనిషంత ఎత్తున్న ఫిడేలు లాంటిది ఒకటుంది. దాన్ని గోడవారకి జరపాలి. రత్నానికీ పరదేశికీ చేతకాక, కాలనీలో కండబలం ఉన్నవాడని నూకరాజుని పిలిచారు. అతను దాన్ని ఎత్తి పక్కన పెట్టి, వెళ్ళబోతూ లావుపాటి తీగనొకదాన్ని వేలితో లాగి వదిలాడు. ఆ మోత చెవుల కంటే ముందు అతని కడుపులో వినిపించింది. మళ్ళీ లాగాడు. పరదేశి నవ్వుతూ చూస్తున్నాడు. ఇది నేను వాయిస్తానని నూకరాజు అన్నాడు. అంతవరకూ అతను ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. రత్నం సరేనన్నాడు.

ఏడాది తిరిగేసరికి కలకత్తా నుంచి ఒక పాత బేసు గిటారు తెప్పించుకున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు ఆ గదిలోనే సాధన. రత్నం మొదట్లో ఇంగ్లీషు పాటలు రాసేవాడు. తర్వాత కాలనీలో అందరూ మాట్లాడే భాషలోనే రాయడం మొదలుపెట్టాడు. తెలుగులో ఎత్తుకుని హిందీలో నడిపి ఒక ఛత్తీస్‌గఢీ మాటతో ముగించేవాడు. సిగ్నలు బయట రెండు గంటలు ఆగిపోయిన గూడ్సు బండి మీద 'ఔటర్ సిగ్నల్' అని ఒక పాట. పక్కూరు తిల్దాలోని బియ్యం మిల్లులో తవుడు జల్లించే ఆడమనిషి మీద ఇంకో పాట. గూడ్సు బండికి చిట్టచివర తగిలించే పెట్టె పేరే బ్యాండుకి పెట్టుకున్నారు. నూకరాజు వేళ్ళు ఆ రోజుల్లో పరుగులు తీసేవి. ఎనిమిది స్వరాలు పట్టే చోట పన్నెండు వాయించేవాడు. నిన్ను పట్టుకోవాలంటే నాకు ఇంజనొకటి కావాలిరా అని పరదేశి అనేవాడు.

కాలనీలో వినాయక చవితి పందిట్లో మొదటిసారి వాయించారు. సినిమా పాటలు వాయిస్తారనుకుని జనం బాగానే వచ్చారు. రెండో పాటకి సగంమంది భజియాల బండి దగ్గరికి వెళ్ళిపోయారు. నాలుగో పాట మధ్యలో కమిటీ పెద్దమనిషి వేదిక ఎక్కి, బాగుంది బాబూ, ఇంక టేప్‌రికార్డరు పెట్టుకుంటామని మర్యాదగా చెప్పాడు. వాళ్ళూ మర్యాదగానే దిగిపోయారు. ఆ తర్వాత ఊళ్ళో వాళ్ళని ఎవరూ పిలవలేదు. పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రా కట్టమని ఒకరిద్దరు అడిగితే రత్నం ఒప్పుకోలేదు.

1979లో కలకత్తాలో జరిగిన బ్యాండుల పోటీకి వెళ్ళారు. బహుమతి ఎవరికో వచ్చింది. కానీ ఆ పోటీ చూడ్డానికొచ్చిన ఒక విమర్శకుడు తన పత్రికలో బహుమతి వచ్చినవాళ్ళ గురించి రెండు వాక్యాలు, బ్రేక్ వ్యాన్ గురించి రెండు పేజీలు రాశాడు. ఈ దేశపు రాక్ సంగీతం తన సొంత నోటితో మాట్లాడటం తాను మొదటిసారి విన్నానన్నాడు. దాన్ని చూసి ఒక చిన్న కంపెనీ రికార్డు వేసింది. రికార్డు బజారులోకి వచ్చిన ఆర్నెల్లకి కంపెనీయే మూతపడింది. అమ్ముడుపోని రికార్డుల్లో రెండు పెట్టెలు రైలు పార్సిల్లో రాయపూర్ వచ్చాయి. పరదేశి వాటిని మంచం కింద పెట్టుకున్నాడు.

1982 చలికాలంలో నూకరాజు వేళ్ళు పొద్దున్నపూట తెల్లబడటం మొదలైంది. ముందు చివరలు, తర్వాత కణుపుల దాకా. కాసేపు రుద్దుకుంటే రక్తం వచ్చి, మంటపుట్టి, మామూలయ్యేవి. భార్య దాలమ్మ ఆవనూనె కాచి రాసేది. మరుసటేడు చలికాలం రాకుండానే తెల్లబడ్డాయి. 1984 నాటికి తెల్లబడటం మానేశాయి, మండటమూ మానేశాయి. అసలు ఏమీ తెలియడమే మానేశాయి. చొక్కా బొత్తాలు పెట్టుకోవాలంటే అద్దంలో చూసుకోవాలి. జేబులో చెయ్యి పెడితే అందులో చిల్లరుందో బీడీకట్టుందో బయటికి తీసి చూస్తేగాని తెలీదు. వేడి గిన్నె ముట్టుకుంటే, బొబ్బ కనబడ్డాకే చెయ్యి కాలిందని తెలిసేది.

గిటారు మీద వేలు పెడితే అది ఏ తీగ మీదుందో చూసుకోవాల్సి వచ్చేది. చూసుకునేలోగా పాట ముందుకు వెళ్ళిపోయేది. రెండు ఆదివారాలు తప్పుల మీద తప్పులు వాయించాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాడు. మూడో ఆదివారం నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తప్పకుండా తగులుతుందని నమ్మకమున్న స్వరం మాత్రమే వాయించడం. మిగిలినవి వదిలేయడం.

1985లో క్యాసెట్టు రికార్డింగుకి మళ్ళీ కలకత్తా వెళ్ళారు. 'ఔటర్ సిగ్నల్' కొత్తగా వాయించారు. ఎనిమిది స్వరాలు ఉండాల్సిన చోట నూకరాజు ఒక్కటి వాయించి ఆగిపోయాడు. మిగతా చోటంతా ఖాళీ. ఆ ఖాళీలో రత్నం గొంతు ఒక్కటే ఒంటరిగా నిలబడింది. పాట అయ్యాక రత్నం గిటారు పక్కన పెట్టి అతని దగ్గరికి వచ్చాడు.

"కావాలనే వదిలావా?" అని అడిగాడు.

నూకరాజు ఒక్క క్షణం అతని మొహం చూశాడు. "ఊఁ" అన్నాడు.

జీవితంలో అతను రత్నానికి చెప్పిన అబద్ధం అదొక్కటే. అందులో మాట కూడా లేదు.

మూడు నెలల తర్వాత కలకత్తా విమర్శకుడు మళ్ళీ రాశాడు. పండరీ బట్టల బజారు దగ్గరి టీ కొట్లో కూర్చుని రత్నం ఆ ఇంగ్లీషుని తెలుగులోకి మారుస్తూ చదివి వినిపించాడు. ఈ దేశంలో బేసు వాయించేవాళ్ళందరూ ఎంత వాయించగలరో చూపిస్తారట. ఎక్కడ ఊరుకోవాలో తెలిసినవాడు ఈ నూకరాజు ఒక్కడేనట. అతను వాయించిన స్వరాల కన్నా వదిలేసిన స్వరాలే ఎక్కువ వినిపిస్తాయట. పరదేశి నూకరాజు వీపు మీద గట్టిగా చరిచాడు. టీ కొట్టువాడు కూడా ఏమిటా అని ఇటు చూశాడు. సంతోషపడాలని నూకరాజుకి తెలుసు. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రత్నం పేజీ తిప్పాడు. నూకరాజు మిగిలిన టీ తాగి, షెడ్డుకి వేళవుతోందని లేచాడు.

అప్పటినుంచి రత్నం పాటలు కట్టే తీరే మారిపోయింది. ముందు ఖాళీ ఎక్కడుండాలో చూసుకుని, దాని చుట్టూ మాటలు పేర్చేవాడు. ఇక్కడ నువ్వేమీ వాయించవు కదా అని అడిగేవాడు. నూకరాజు తలూపేవాడు. అలా రెండేళ్ళలో పద్నాలుగు పాటలు తయారయ్యాయి. వాటినీ మెచ్చుకున్నారు. ఢిల్లీలో ఒక కాలేజీ పండగకి పిలిచారు. వాయించడం అయ్యాక గడ్డాల కుర్రాళ్ళు నలుగురు వచ్చి నూకరాజు చేతులు పట్టుకుని ఊపారు. పట్టుకున్నారని కళ్ళతో చూసి తెలుసుకున్నాడు. అంత తక్కువ వాయించడం ఎలా నేర్చుకున్నారని వాళ్ళు హిందీలో అడిగితే, వాయిస్తూ వాయిస్తూ వచ్చిందన్నాడు.

ఆ మెప్పుల ధైర్యంతో రత్నం 1987లో బీమా ఆఫీసు ఉద్యోగం వదిలేశాడు. భార్య భ్రమరాంబ వద్దని వారం రోజులు చెప్పి చూసి ఊరుకుంది. అతను బొంబాయిలో ఏడాదికి పైగా ఉన్నాడు. అక్కడ కంపెనీలవాళ్ళు పాటలు విని కళ్ళు మూసుకుని తలలూపేవారట. విన్నాక, చాలా గొప్పగా ఉంది, కానీ దీన్ని ఎవరు కొంటారు అనేవారట. అన్నిచోట్లా అదే మాట. తిరిగొచ్చేసరికి పాత ఉద్యోగంలో ఇంకొకరున్నారు. పండరీలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్లో ఉత్తరాలు రాసే పనికి చేరాడు. సూరత్‌కీ అహ్మదాబాద్‌కీ చీరల ఆర్డర్లు రాసేవాడు. ఆదివారాలు మాత్రం ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చేవాడు.

నూకరాజు ఈలోగా ఊళ్ళో ఒక డాక్టరుకి చేతులు చూపించుకున్నాడు. డాక్టరు సూదితో ఒక్కొక్క వేలూ పొడిచి చూసి, ఏం పని చేస్తావని అడిగాడు. విన్నాక, సుత్తి అదురుకి నరాలు చెడిపోయాయి, ఆ పని మానెయ్, పోయిన స్పర్శ మాత్రం రాదు అని చెప్పాడు. షెడ్డువాళ్ళు అతన్ని స్టోరులో కూర్చోబెట్టారు. బోల్టులూ నట్లూ అడిగినవాళ్ళకి తీసివ్వడం. ఈ సంగతి దాలమ్మకి తెలుసు. రత్నానికి చెప్పొద్దని ఆమెతో అన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

1990లో జోగయ్య పోయాడు. నూకరాజు చెయ్యాల్సినవన్నీ వరసగా చేశాడు. కర్రలు తెప్పించాడు, అయ్యవారిని పిలిపించాడు, పలాసకి టెలిగ్రాం కొట్టాడు. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. గుండె నిబ్బరం గల మనిషని కాలనీవాళ్ళు అన్నారు. పన్నెండోరోజు భోజనాలయ్యాక దాలమ్మ అతన్ని గదిలోకి పిలిచి, నీకు లోపల ఏటి అవుతున్నాదని అడిగింది. ఏమీ అవలేదని చెప్పాడు. నిజంగానే ఏమీ అవలేదు. తండ్రి ఖాకీ చొక్కా దండెం మీదే ఉంది. దాన్ని తీసి మడతపెట్టి పెట్టెలో పెట్టాడు. ఇంకేదైనా చెయ్యాలేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు.

బ్యాండు ఎప్పుడు ఆగిందో కచ్చితంగా ఎవరూ చెప్పలేరు. తండ్రిలాగే గూడ్సు గార్డయిన పరదేశిని 1991లో బిలాస్‌పూర్ మార్చారు. వీలున్న ఆదివారం వస్తానన్నాడు. రెండుసార్లు వచ్చాడు. తర్వాత ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళు టేబుల్ టెన్నిస్ బల్ల వెయ్యడానికి ఆ గది కావాలన్నారు. ముగ్గురూ వాయిద్యాలు ఎవరివి వాళ్ళు ఇంటికి తీసుకుపోయారు. ఇంక చాలని ఎవరూ అనలేదు, కొనసాగిద్దామనీ అనలేదు. రత్నం, నూకరాజు నెలకోసారి కలుసుకునేవారు. టీ తాగేవారు. పాటల మాట వచ్చేది కాదు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. 1999 డిసెంబరులో పూనా నుంచి ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. సంగీతం పత్రికలో పనిచేస్తుంది. జనం మర్చిపోయిన బ్యాండుల మీద వరసగా వ్యాసాలు రాస్తోంది. వాళ్ళ రికార్డూ క్యాసెట్టూ రెండూ ఆమె దగ్గరున్నాయి, వాడి వాడి పేర్లు చెరిగిపోయాయి. రత్నాన్ని కలిసింది, బిలాస్‌పూర్ వెళ్ళి పరదేశిని కలిసింది. చివరికి నూకరాజు ఇంటికి వచ్చి ముందుగదిలో చాప మీద కూర్చుంది. ఆ ఖాళీల రహస్యం చెప్పమని హిందీలో అడిగింది.

నూకరాజుకి అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. దాచి ఎవర్ని కాపాడాలో అతనికి తోచలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాడు. నా వేళ్ళు చచ్చిపోయాయి, ఏ తీగ ఎక్కడుందో నాకు తెలిసేది కాదు, తెలిసినంతే వాయించాను అన్నాడు. ఆమె కళ్ళు మెరిశాయి. గబగబా రాసుకుంది. సుత్తి సంగతి కూడా చెబుదామనుకున్నాడు. ఆమె అప్పటికే లేచి, వంగి అతని పాదాలకి దండం పెట్టింది.

వ్యాసం మార్చిలో వచ్చింది. పత్రిక ఒక కాపీ రత్నానికి పంపించారు. ఆ వచ్చిన ఆదివారం పొద్దున్నే రత్నం మోవా నుంచి స్కూటరు మీద వచ్చాడు. లోపలికి వచ్చి కూర్చోకుండానే పత్రిక తెరిచి ఒక పేరా చదివాడు. "నా వేళ్ళు చచ్చిపోయాయి" అంటాడు నూకరాజు, అహంకారాన్ని చంపుకున్న మునిలా నవ్వుతూ, అని ఉంది అందులో.

"నువ్వు మునివి కాదు" అన్నాడు రత్నం. "నువ్విలా మాట్లాడవు. నువ్వేదైనా అన్నావంటే దానికి అదే అర్థం. ఇది నిజమేనా?"

"నిజమే."

"ఎప్పటినుంచి?"

"రెండో రికార్డింగుకి ముందు సంవత్సరం నుంచి. సుత్తి పట్టి పట్టి అలాగయిపోయాయి."

రత్నం అప్పుడు కూర్చున్నాడు. పత్రిక మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. వంటింట్లో దాలమ్మ గిన్నెల చప్పుడు ఆపేసింది. రత్నం ఉద్యోగం వదిలింది ఆ వ్యాసాలు చదివే. ఆ ఖాళీల చుట్టూ పద్నాలుగు పాటలు కట్టాడు. వాటిని మోసుకుని బొంబాయి అంతా తిరిగాడు. ఇవన్నీ నూకరాజుకి తెలుసు, రత్నం చెప్పనక్కర్లేదు.

"నాకొక్కడికైనా చెప్పాల్సింది" అన్నాడు రత్నం.

"చెప్తే ఇంకొకడిని పెట్టుకుందువు గదా. అందుకే చెప్పలేదు."

రత్నం కాదనలేదు. అబద్ధం చెప్పడం అతనికీ అలవాటు లేదు. "పెట్టుకునేవాణ్ణే" అన్నాడు. దాలమ్మ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. రత్నం తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు. పత్రిక కుర్చీలోనే ఉంది. నూకరాజు గుమ్మంలో నిలబడి స్కూటరు మలుపు తిరిగేదాకా చూశాడు. దుఃఖమో సిగ్గో ఏదో ఒకటి వస్తుందనుకున్నాడు. ఏదీ రాలేదు. లోపలికొచ్చి, చల్లారిన టీ రెండు గ్లాసులూ తనే తాగేశాడు.

ఆ నెల రత్నం రాలేదు. తర్వాతి నెలా రాలేదు. ఎండాకాలం పోయింది, వానలు వచ్చి వెళ్ళాయి. ఆదివారం వస్తే దాలమ్మ వీధివైపు చూసేది. నువ్వే వెళ్ళకూడదా అని ఒకసారి అంది. వెళ్ళి ఏం చెప్పాలన్నాడు.

నవంబరు ఒకటిన ఛత్తీస్‌గఢ్ వేరే రాష్ట్రమైంది, రాయపూర్ రాజధాని అయింది. ఆ మర్నాడు కూడా వీధుల్లో మైకులు మోగుతూనే ఉన్నాయి. షెడ్డుకి సెలవిచ్చారు. స్నానం చేసి చొక్కా తొడుక్కున్న నూకరాజు, ఎక్కడికని దాలమ్మ అడిగేలోపే సైకిలు తీశాడు. దారంతా తోరణాలు, జెండాలు, మిఠాయిలు పంచేవాళ్ళు. ఒకడు అతని చేతిలో లడ్డూ పెట్టాడు. అది తింటూనే మోవా దాకా తొక్కాడు.

తలుపు తీసింది రత్నమే. జుట్టు బాగా నెరిసింది. రా అన్నాడు. ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. పరదేశికి కంట్లో శుక్లం వచ్చిందని, గార్డు డ్యూటీ తీసేసి ఆఫీసులో వేశారని రత్నం చెప్పాడు. పూనా ఆవిడ క్యాసెట్టుని సీడీగా తెస్తామని ఉత్తరం రాసిందని చెప్పాడు. నువ్వేమన్నావని నూకరాజు అడిగాడు. తెచ్చుకోమన్నానన్నాడు రత్నం. "మొన్న మళ్ళీ విన్నాను. ఇంకొకడుంటే ఆ ఖాళీల్లోనూ వాయించేవాడు" అన్నాడు. అది మెప్పో నిష్ఠూరమో అతని గొంతులో తెలియలేదు.

మధ్యాహ్నమైంది. భ్రమరాంబ భోజనానికి రమ్మంది. గిన్నె పొయ్యి మీంచి అప్పుడే దింపినట్టుంది, వడ్డించిన అన్నంలోంచి ఆవిరి పొంగుతోంది. నూకరాజు పప్పు వేసుకుని కలపడానికి చెయ్యి పెట్టబోయాడు.

"ఆగు" అన్నాడు రత్నం.

అతని కంచం తన వైపు లాక్కున్నాడు. గరిటె వెనక భాగంతో అన్నాన్ని కంచమంతా పల్చగా పరిచాడు. పక్కనున్న విసనకర్ర తీసుకుని, తనది తినడం ఆపి, విసురుతూ కూర్చున్నాడు. భ్రమరాంబ నెయ్యి గిన్నె పట్టుకుని చూస్తోంది. నూకరాజు చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూశాడు. చాలాసేపటికి రత్నం అన్నంలో ఒక వేలు పెట్టి చూసి, ఇంకొంచెం విసిరి, కంచం అతని ముందుకు జరిపాడు.

"ఇప్పుడు తిను."